గాలిమెట్ట మీద ఒక చుక్క

...అయినా ఎండిన గడ్డిని పసుపు అని ఎందుకంటాం, దగ్గరికి వెళ్తే అందులో పసుపు ఎక్కడా ఉండదు, బూడిద ఉంటుంది, కొంచెం గోధుమ ఉంటుంది, మొదళ్లలో ఇంకా ఆరని ఆకుపచ్చ ఉంటుంది, ఇవన్నీ కలిసి దూరం నుంచి ఒక రంగుగా కనబడుతున్నాయంటే ఆ రంగు గడ్డిదని ఎలా చెప్పడం, దూరానిదేమో, అనుకుంటూ పోలినాయుడు తన చూపును గోడ మీది గడ్డి నుంచి మెల్లగా పైకి జరిపాడు. రాళ్ల దగ్గర ఆగాడు. రాళ్ల గురించి అనుకోవలసినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. అందుకని నిన్న లిఫ్టులో తన వెనక ఎవరో దగ్గిన దగ్గును గుర్తు చేసుకున్నాడు. ఆ దగ్గులో ఒక మొహమాటం ఉంది. దగ్గుకు కూడా మొహమాటం ఉంటుందా అని ఆలోచిస్తూండగానే చూపు రాళ్లను దాటి, వాలు ఎక్కి, మెట్ట అంచుకు కాస్త కిందుగా ఉన్న నల్లటి చుక్కను తాకి, ఆగకుండా ఆకాశంలోకి వెళ్లిపోయింది.

చుక్క ఉంది.

మణికట్టుకున్న నాడికట్టు వైపు చూసుకున్నాడు. గుండె అదిరితే ఎర్రబడే దాని వెలుగు తెల్లగానే ఉంది. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. పోలినాయుడు లేచి, గోడకు పై భాగాన కొట్టిన రెండు మేకులకు తువ్వాలు తగిలించి, చుక్క ఉన్న మూలను కప్పేశాడు.

అతను ఉంటున్న పట్నానికి కిటికీలు లేవు. ఎండ మనుషులను బయట నిలవనివ్వని కాలం వచ్చాక కప్పు వేసి కట్టిన పట్నాల్లో అదొకటి. జనం వాటిని మూతపట్నాలనేవారు. మొదటి ఏళ్లలో అక్కడి మనుషులు కారణం లేకుండా కొట్టుకునేవారు, అన్నం ముందు కూర్చుని ఏడ్చేవారు, తలుపును తలతో బాదేవారు. అప్పుడు శమనఫలకం వచ్చింది. ఇంటికో గోడ. ఇంటివాళ్లు కోరిన ప్రకృతి దృశ్యాన్ని దాని మీద పరుస్తారు. గదిలో ఉన్నవాళ్ల గుండె వేగాన్ని, కంటిపాప కదలికను ఆ గోడ కనిపెడుతూ ఉంటుంది. దృశ్యంలో ఎక్కడ చూసినప్పుడు గుండె అదిరిందో అక్కడ కొద్దికొద్దిగా దిద్దుతుంది. ముళ్లపొద ఒకరికి భయమైతే పొద పోయి గడ్డి వస్తుంది. ఒంటరి చెట్టు దిగులు పుట్టిస్తే దాని పక్కన ఇంకో చెట్టు మొలుస్తుంది. చివరికి ఆ ఇంటి మనిషిని ఎక్కడా తాకని దృశ్యం ఒకటి మిగులుతుంది. జనం దానికి చూపుగోడ అని పేరు పెట్టుకున్నారు. ఒక తరం గడిచేసరికి కొట్లాటలు తగ్గాయి, నిద్రలు బాగుపడ్డాయి. ఆ గోడలను ఇల్లిల్లూ తిరిగి సరిచూసేవాళ్లను దిద్దరులు అంటారు. పోలినాయుడు దిద్దరి.

చూపుగోడకు జ్ఞాపకం ఉండదు. ఈ క్షణాన ఉన్న దృశ్యం ఒక్కటే దానికి తెలుసు, చెరిగినదాన్ని తిరిగి గీయలేదు. అది చిమ్మే వెలుగు మనిషి కంటి కోసమే చేసింది, కెమెరా పెట్టి చూస్తే ఖాళీ పలక కనిపిస్తుంది. ఈ సంగతి మొదట్లో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. గోడకెక్కించిన ఫోటో గోడలో భద్రంగా ఉంటుందనుకుని, పాత ఫోన్లను ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశారు. పోలినాయుడూ ఇచ్చేశాడు.

అతను ఎక్కించింది గాలిమెట్ట ఫోటో. కొండల మీద ఎత్తున, చెట్టు నిలవని చోట, మైళ్ల కొద్దీ పరుచుకున్న గడ్డినేల అది. ఇప్పుడక్కడ జలాశయం ఉంది, పట్నాలకు కరెంటు అక్కడి నుంచే వస్తుంది. మెట్ట మునగడానికి ముందు ఏడు, కొండచీపురు గడ్డి కోతకు వెళ్లినప్పుడు, పద్దెనిమిదేళ్ల పోలినాయుడు ఆ ఫోటో తీశాడు. కొండను తీశాననే అనుకున్నాడు. చీపురుమోపు నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు నడిచిపోతున్న తన అక్క పారమ్మ అందులో పడిందని, గోడకెక్కించి చాలాకాలం చూశాక తెలిసింది. ఆ వానాకాలంలోనే పారమ్మ జ్వరంతో పోయింది. ఆమె చీరలు, ఫోను, దువ్వెన, అన్నీ తల్లి ఏట్లో వదిలేసింది. పారమ్మ రూపం ఇంకెక్కడా లేదు.

ఆ చుక్క తన అక్కేనని తెలిసిన రోజు పోలినాయుడు గుండె అదిరింది. అతను తేరుకునేలోపు చుక్క వెనక ఉన్న కాలిదారి చెరిగిపోయింది. అతను కళ్లు మూసుకుని గదిలోంచి బయటికి పరుగెత్తాడు. అప్పటి నుంచి, ఏమీ అనుకోకుండా ఆమెను చూడడం నేర్చుకున్నాడు. గడ్డి గురించో, దగ్గు గురించో ఆలోచిస్తూ, దారిలో పోతూ ఎదురింటివాణ్ని చూసినట్టు చూస్తాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ గదిలోకి ఇంకో గుండె రావడం అతనికి ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు వచ్చింది. పారమ్మ కూతురు తవిటమ్మ, తండ్రి వైపువాళ్ల దగ్గర వేరే మూతపట్నంలో పెరిగి, గాలిశుద్ధి కేంద్రంలో ఉద్యోగానికి ఈ పట్నం వచ్చి, మేనమామ ఇంట్లో దిగింది.

"మళ్లీ మూసీసినావా మావయ్యా?" తల తుడుచుకుంటూ అడిగింది.

"మూసీసినాను."

"నాను తానానికెల్లినప్పుడల్లా తీసి సూసుకుంతన్నావు. నాకు మాత్రం తువ్వాలు సూపిత్తన్నావు. నీకది అప్ప. నాకు అమ్మ."

"అందుకే."

"అందుకే అంటే ఏటి?"

"నీ గుండె ఊరుకోదు. ఓపాలి సూస్తావు. రెండోపాలికి ఉండదు."

తవిటమ్మ మంచం మీద కూలబడి తువ్వాలు వైపు చూసింది. ఆమె నాడికట్టు అప్పుడే ఎర్రబడింది. కప్పి ఉన్నదాన్ని ఊహించుకుంటేనే ఎరుపు. పోలినాయుడు ఆ వెలుగును వేలితో చూపించాడు.

"పోనీ, ఎలాగుండేదో నోటితో సెప్పు."

"పొడుగ్గా ఉండేది."

"ఇంకా?"

"పొడుగ్గా, నల్లగా."

"నాను అడిగింది మా అమ్మనా, కరెంటు స్తంభాన్నా?"

అతను నవ్వలేదు. ఈ గదిలో పారమ్మ గురించి మాట్లాడితే ఎవరి గుండె ఎటు పోతుందో తెలియదు, తువ్వాలు ఉన్నా సరే, చెప్పిన మాట మనసులో నాని రేపటి చూపును పాడుచేస్తుంది. చెప్పకుండా ఉండడం అతనికి ఎంతగా అలవాటైందంటే, చెప్పవలసినవి తన దగ్గర ఉన్నాయన్న సంగతే చాలా రోజులు గుర్తుకు రాదు.

"నేర్పిత్తాను," అన్నాడు చివరికి. "నేర్సుకున్నాక తువ్వాలు తీత్తాను."

అలా మొదలైంది. సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. తవిటమ్మ తనకు కోపమో ఏడుపో తెప్పించే మాటలను తనే పైకి చెప్పాలి, నాడికట్టు తెల్లగా ఉండాలి. మొదట పరీక్ష తప్పిన సంగతి. తర్వాత చచ్చిపోయిన కుక్కపిల్ల. తర్వాత సవతితల్లి.

"మా పిన్ని నన్నేమనేదో తెల్సా? తిండికి ముందు, పనికి ఎనక అనేది."

"ఎర్రగైంది. మళ్లీ సెప్పు."

"మా పిన్ని నన్ను... మావయ్యా, నువ్వు మావయ్యవా, ఆసుపత్రి గోడవా?"

"మాట అంటన్నప్పుడు దాని మీద నిలబడిపోకు. పక్క నుంచి నడిసిపో. ఆవిడ కట్టుకున్న సీర అంచు ఏ రంగో గుర్తు తెచ్చుకో."

"బచ్చలిపండు రంగు."

"మరి సెప్పు."

చెప్పింది. తెల్లగా ఉంది. తవిటమ్మ ఆశ్చర్యంగా మణికట్టు వైపు చూసుకుని, మరుక్షణం పకపకా నవ్వేసింది, కట్టు మళ్లీ ఎర్రబడింది. "ఇప్పుడు నవ్వినందుకా, మీ పిన్ని మాటకా?" అని పోలినాయుడు విసుక్కున్నాడు. ఆ నవ్వుకు పక్కింటివాళ్లు గోడ మీద తట్టారు.

ఆమె తెలివైన పిల్ల. కొన్ని నెలల్లో తన కంటే బాగా నేర్చుకుందని పోలినాయుడు గమనించాడు. అతనికి ఇప్పటికీ ఆలోచనను పక్కదారి పట్టించవలసి వచ్చేది, ఆమెకు ఆ అవసరం పోయింది. ఏ మాటనైనా గిన్నె కడిగినంత మామూలుగా పలికేది. ఇంట్లో చప్పుడు తగ్గింది. లిఫ్టు ఆగిపోతే దాన్ని తిట్టడం మానేసింది. ఒకరోజు చారన్నం తింటూ, కేంద్రంలో తన పక్కన పనిచేసే అమ్మాయి గాలిగొట్టంలో పడి చనిపోయిందని చెప్పి, మజ్జిగ అందుకుంది. పోలినాయుడు ఆమె మణికట్టు చూశాడు. తెలుపు. గురువుకు కలిగే తృప్తి లాంటిదేదో కలిగింది అతనికి. ఆ తృప్తి కింద ఇంకొకటి కూడా కదిలింది, కానీ దాన్ని కదలనివ్వకుండా ఉండడమే కదా అతనికి వచ్చిన విద్య.

ఆ వారంలోనే అతను లోకనాథం గారింటికి గోడ సరిచూడడానికి వెళ్లాడు. లోకనాథం ఒంటరి ముసలాయన. ఆయన గోడ మీద నదీ, రెల్లూ ఉన్నాయి. ఆయన మాత్రం కుర్చీని గోడకు వీపు పెట్టి వేసుకుని కూర్చున్నాడు.

"ఇటు తిరిగి కూర్చోండి, కొలత తీసుకోవాలి," అన్నాడు పోలినాయుడు.

"తిరగను బాబూ. ఆ రెల్లులో మా ఆవిడ నించునుంది. సూత్తే పోద్ది."

పోలినాయుడు రెల్లు వైపు చూశాడు. నది, రెల్లు, మబ్బు. మనిషి ఆనవాలు ఎక్కడా లేదు. ఎప్పుడు చెరిగిందో. బహుశా ఏళ్ల కిందట, ఈయన ఏమరుపాటున తల తిప్పిన ఏ మధ్యాహ్నమో.

"ఉంది కదూ?" అన్నాడు లోకనాథం, గుమ్మం వైపే చూస్తూ.

"ఉంది."

"ఎర్రంచు సీర?"

"అవునండి."

ముసలాయన తల ఊపాడు. ఆయన నాడికట్టు చిక్కటి ఎరుపులో వెలుగుతోంది. గోడకు వీపు తిప్పి ఉన్నాడు కనక ఆ ఎరుపు దేన్నీ చెరపడం లేదు. పోలినాయుడు పరికరాలు సర్దుకుంటూ ఒక విచిత్రమైన లెక్క వేసుకున్నాడు. ఈయన దగ్గర బొమ్మ లేదు, ఆవిడ ఉంది. ఆ లెక్కలో తన వంతు ఎటు పోతుందో తెలిసి, దాన్ని పూర్తి కానివ్వకుండా, మెట్ల రెయిలింగు మీది తుప్పును చూస్తూ కిందికి దిగాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తవిటమ్మే అడిగింది. "మావయ్యా, ఈరోజు తీసీ. నాను సిద్ధంగా ఉన్నాను."

అతను ఆమె కట్టు చూశాడు. తన కట్టు చూసుకున్నాడు. లేచి మేకుల మీంచి తువ్వాలు తీశాడు. మంచం మీదికి వచ్చి కూర్చుని, తను గోడ వైపు చూడకుండా ఆమె ముఖమే చూశాడు.

గడ్డి, రాళ్లు, వాలు. ఆమె చూపు ఏ తొందరా లేకుండా పైకి వెళ్లింది. చుక్క దగ్గర ఆగింది. అతనెప్పుడూ చేయలేని పని అది. అక్కడే నిలిచి, తల ఒక పక్కకు వంచి, కళ్లు కాస్త చికిలించి చూసింది. కట్టు తెల్లగా ఉంది. అందులో చిన్న వణుకు కూడా లేదు.

"ఇదేనా?"

"అదే."

"మనిసని ముందే సెప్పకపోతే ఏదో ముళ్లతుప్పనుకుందును. నెత్తి మీదున్నది మోపా?"

"మోపే."

"అయితే మనిసి కంటే మోపే ఎక్కువ కనపడతంది." ఇంకాసేపు చూసింది. పొయ్యి మీద పాలు పొంగాయో లేదో చూసే మనిషి ముఖంలా ఉంది ఆమె ముఖం. "సరే మావయ్యా. సూసాను. మూసీ. నాను బట్టలు ఆరేసుకుని వత్తాను."

లేచి వెళ్లింది.

పోలినాయుడు కదలలేదు. అంతా అతను నేర్పినట్టే జరిగింది. గోడ మీద ఒక గడ్డిపోచ కూడా మారలేదు. పారమ్మ కూతురు పారమ్మను చూసింది, పారమ్మ క్షేమంగా ఉంది. ఈ నెలలన్నీ తను కోరుకున్నది ఇదే. అయితే ఆ తృప్తి ఏది? తుప్పనుకుందును. ఆ మాటలో అబద్ధం లేదు. ఇన్నేళ్లూ తను రోజూ చూసింది కూడా ఒక తుప్పనే కాదా. మొదటి రోజు, అది అక్క అని తెలిసిన ఆ ఒక్క రోజు, దారి చెరిగిపోయిన రోజు, అప్పుడు మాత్రమే తను పారమ్మను చూశాడు. ఆ తర్వాత కాపలా కాశాడు. కాపలాకు ఇంకొకర్ని తయారుచేశాడు. అద్దంలో తన ముఖం ఎలా ఉంటుందో అతనికి ఎప్పుడూ పట్టలేదు. ఇప్పుడు అది ఆ పిల్ల ముఖం మీద కనిపించింది.

కట్టు ఎర్రబడింది. అతను తలెత్తి గోడ వైపు చూశాడు. చుక్క చుట్టూ గడ్డి సన్నగా కదులుతోంది, గాలి వీచినట్టు. గోడ పని మొదలుపెట్టేముందు అలాగే ఉంటుంది. కళ్లు మూసుకోవాలి. లేచి బయటికి వెళ్లాలి. తువ్వాలు ఒళ్లోనే ఉంది, లేచి తగిలించినా సరిపోతుంది. అతని పాదాలు నేల మీద ఆనాయి. లేవలేదు.

"తవిటీ!"

అంత గట్టిగా అతను ఆ ఇంట్లో ఎప్పుడూ పిలవలేదు. ఆమె తడిబట్ట చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి మావయ్యా?"

"నీకు తవిటమ్మని పేరెందుకెట్టినారో తెల్సా?"

"తెల్సు. నాకు ముందు పుట్టినోలు దక్కలేదని నన్ను తవుడికి అమ్మీసినారు. సేటడు తవుడిచ్చి పక్కింటి నూకాలమ్మ కొనుక్కుందని నాన్న సెప్పినాడు." ఆమె గోడ వైపు చూసింది. "మావయ్యా, నీ కట్టు ఎర్రగుంది. గోడ కదుల్తంది. నువ్వు బయటికెల్లు."

"ఉండు. మీ నాన్న ఆరోజు ఊళ్లో లేడు. నానున్నాను. పిల్లని అమ్మినప్పుడు తల్లి ఏడవకూడదు. ఎనక్కి తిరిగి సూడకూడదు. ఈ పిల్ల నాకక్కర్లేదు, తవుడిత్తే సాలు అన్నట్టు నిలబడాలి. అప్పుడు పిల్లని తీసుకుపోయే సావు కూడా, ఇదెందుకూ పనికిరాంది కాబోలని ఒగ్గేసి పోద్దని మన పెద్దోల నమ్మకం. అందరూ అప్పకి ముందురోజంతా నేర్పినారు, ముకం ఎలా పెట్టాలో."

తవిటమ్మ చేతిలోని బట్ట నుంచి నీళ్లు గుమ్మంలో కారుతున్నాయి.

"నిన్ను సేటలో ఎట్టి నూకాలమ్మకిచ్చీసింది. ముకం తిప్పుకుంది. నాలాగే, రాయిలాగ. నువ్వు ఓపాలి కేరుమన్నావు. అంతే. ఆంబోతు దూకినట్టు దూకీసింది. నిన్ను లాక్కుంది. ముసిలోలందరూ లబోదిబోమన్నారు. అమ్మ నెత్తి కొట్టుకుంది. అప్ప ఒక్కర్నీ లెక్కసేయలేదు, నిన్ను రొమ్ముకి అదుముకుని, నా పిల్లని నానెవులికీ అమ్మను, సచ్చినా బతికినా నాదే అని అరిసింది."

"మరి తవుడో?"

"నేలపాలైంది. కోళ్లు తినీసినాయి."

"అయితే..." తవిటమ్మ ఆగింది. ఆమె చూపు గోడ మీద లేదు. "అయితే నన్నెవులు కొన్నారు?"

"ఎవులూ కొన్లేదు."

ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖంలో ఏ మార్పూ లేదు. అయితే నోరు కొంచెం తెరుచుకుంది, ఏదో మాట అక్కడి దాకా వచ్చి, ఎలా ఉండాలో మరిచిపోయినట్టు. ఆమె నాడికట్టు తడిబట్ట మడతల్లో ఉంది, దాని రంగు అతనికి కనబడలేదు. పోలినాయుడు దాన్ని చూడడానికి ప్రయత్నించలేదు. గోడ మీద ఏం జరుగుతోందో చూడడానికి తల తిప్పలేదు.

"మా అమ్మ ఇంకా ఏటి సేసేది?" అని అడిగింది తవిటమ్మ.

అతను ఒళ్లోని తువ్వాలు నేల మీద పడేసి, మంచం మీద గోడ వైపుకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.